ఇరవై లెక్కపెట్టేలోగా

మా పక్క ఫ్లాటాయనకి ఫోను తను చూడటం కంటే నలుగురికీ వినిపించడం ఇష్టం. మొన్న ఆదివారం పొద్దున మా రెండు బాల్కనీల మధ్య ఉన్న పిట్టగోడ మీద ఫోను ఆనించి, ఎక్కడో జరుగుతున్న ఎడ్ల బండలాగుడు పోటీలు లైవులో పెట్టుకున్నాడు. ముందు విజిల్, తర్వాత డప్పులు, వాటి మీదుగా గుక్క తిప్పుకోకుండా అడుగులు చెప్పే మైకు గొంతు. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబడిపోయాను. "రండి డాక్టరుగారూ, మీకు నచ్చే ప్రోగ్రామే" అన్నాడాయన. ఇరవయ్యేళ్ళకు పైగా పశువుల డాక్టరుగా చేసి భవానీపురంలో స్థిరపడినదాన్ని, నాకు ఎడ్ల పందేలు నచ్చుతాయని అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు. నాకు అబద్ధం అంత తేలిగ్గా నోట్లోకి వస్తుంది. ఒకప్పుడు ఒక పెద్దమనిషి మీద ఇంతకంటే తేలిగ్గా వచ్చింది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఉయ్యూరు అవతల ఒక ఊరి పశువుల ఆసుపత్రికి వేశారు. ఆ ఊళ్ళో ఏటా ఎండలు ముదిరే వేళకి మూడు రోజులు అమ్మవారి తిరునాళ్ళు జరిగేవి. చెరుకు కొట్టేసిన పొలాలు చదును చేసి పందిళ్ళు వేసేవారు. కొండపల్లి నుంచి బొమ్మలవాళ్ళు వచ్చి పట్టాలు పరుచుకుని, అందరి ముందే ఏనుగు అంబారీలకి రంగులు వేసేవారు. చేనేతవాళ్ళు ఒక చిన్న మగ్గం తెచ్చి నేత చూపించి, పక్కనే చీరలు అమ్మేవారు. ఆడవాళ్ళకి ముగ్గుల పోటీ, కుర్చీలాట, కుర్రకారుకి కబడ్డీ, పిల్లలకి రంగులరాట్నం, వయసుతో పని లేకుండా అందరికీ మిరపకాయ బజ్జీలు. వీటన్నిటికీ నడిబొడ్డున బండలాగుడు బరి. ఎద్దుల జత పెద్ద రాతిబండని ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత గొప్ప. బరిలోకి దిగే ప్రతి ఎద్దునీ ముందు ఒకరు పళ్ళు చూసి వయసు తేల్చి, ఒంట్లో బాగుందో లేదో చూసి సరేననాలి. తరాలుగా ఆ ఊళ్ళో ఆ పని సాంబయ్యగారి ఇంటిది. నేను వెళ్ళేసరికి సాంబయ్యగారిది.

ఆయన మూడెకరాల మాగాణి రైతు. చదువు అయిదో తరగతితో ఆగింది. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఎవరో పెద్ద మనిషివి అరువు తెచ్చుకున్నట్టుండేవి. మొదటి ఏడు తిరునాళ్ళలో లేగదూడల పోటీకి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. కుటుంబాలకి కుటుంబాలు తమ దూడలకి పూసలు, మువ్వలు, కూతుళ్ళ జడ రిబ్బన్లు కట్టి తోలుకొచ్చాయి. నేను సున్నం కొట్టినంత తెల్లగా ఉన్న ఒక కోడెదూడ దగ్గర ఆగి మొదటి బహుమతి రాసేయబోతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"దానికి ఒంట్లో బాలేదండీ డాక్టరమ్మగారూ."

తిరిగి చూశాను. సాంబయ్యగారు. నాకు చిర్రెత్తింది. "మీకెలా తెలుసండీ?" అన్నాను.

"ఒకసారి దాని ముట్టె తుడిచి ఇరవై లెక్కపెట్టండి. గబగబా కాదు, ఊపిరి తీసుకుంటా లెక్కపెట్టండి."

ఆరోగ్యంగా ఉన్న పశువు ముట్టె, అంటే ముక్కు చివర, తడిగా ఉంటుందని నా పుస్తకాల్లోనూ ఉంది. తుడిచేసినా ఇరవై లెక్కపెట్టేలోగా మళ్ళీ చిన్న చిన్న చెమట బొట్లు పోసుకుంటుందని, పోసుకోకపోతే లోపల ఏదో మొదలైందని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. తుడిచాను, లెక్కపెట్టాను. ముట్టె పొడిగానే ఉండిపోయింది. సాయంత్రానికి ఆ దూడకి జ్వరం బయటపడింది. నలుగురిలో నా పరువు తీయకుండా ఆయన చెవిలో చెప్పినట్టు చెప్పారని అప్పుడు తట్టింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు నేను ఆయన వెంట తిరిగాను. కాలేజీలో నేర్చుకున్న దానికంటే ఆ పశువుల పాకలో ఎక్కువ నేర్చుకున్నాను. ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్య కోటేశ్వరమ్మగారిని పిన్నిగారనీ పిలవడం అలవాటైపోయింది. మధ్యాహ్నం వెళితే పిన్నిగారు అన్నం పెట్టకుండా పంపేది కాదు. "ఈయనకి మనుషుల మొహం చూస్తే ఏమీ తెలీదమ్మా, ఎద్దు మొహం చూస్తే దాని జాతకం చెప్తారు" అని దెప్పేది. ఒక ఏడు బాబాయిగారు తన సొంత బావమరిది జతని కూడా బరి బయటే నిలబెట్టేశారు. బావమరిది నానా మాటలూ అని, అక్కగారింటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు. పిన్నిగారు రెండు రోజులు అన్నం మానేసింది.

"ఒక్క మాట తగ్గి ఉండాల్సింది బాబాయిగారూ" అన్నాను నేను.

"నేను తగ్గితే ఎవరు మొయ్యాలమ్మా? ఎద్దుకి తన బాధ చెప్పుకోవడం రాదు కదా. మనం చూసింది చూసినట్టు చెప్తామనే కదా దాన్ని మన ముందుకి తెచ్చి నిలబెట్టేది."

అయిదో ఏడు వచ్చేసరికి నాకు కొంచెం పేరొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను "సాంబయ్యగారి శిష్యురాలు" అనేవారు. మొదట్లో ఆ మాటకి పొంగిపోయినదాన్నే. నెమ్మదిగా అది గుచ్చుకోవడం మొదలుపెట్టింది. డిగ్రీ చదివి, ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, అయిదో తరగతి రైతుకి శిష్యురాలిననిపించుకోవడమేమిటని లోపల ఉడుక్కునేదాన్ని. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ ఏడు తిరునాళ్ళ కమిటీ పెద్ద రామ్మోహనరావుగారు కొత్త పద్ధతి పెట్టారు. సాంబయ్యగారు చూసి చెప్పాలి, నేను కాగితం మీద సంతకం పెట్టాలి. ఆఖరి రోజు మధ్యాహ్నం పెద్ద ఎద్దుల విభాగం పోటీ. వేదిక మీద ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. జనం చెరుకు రసం గ్లాసులతో, చంకల్లో పిల్లలతో కంచె చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. పొరుగు మండలం నుంచి శ్రీను అనే యువరైతు తెచ్చిన జత మీదే అందరి కళ్ళూ. సాంబయ్యగారు ఆ జతలో ఎడమ ఎద్దు ముట్టెని కండువాతో తుడిచారు. లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను పక్కనే నిలబడి నాలో నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై అయింది. ముప్ఫై దాకా ఆగారాయన. ముట్టె పొడిగా ఉంది. పాత తోలు చెప్పు మీద ఉన్నట్టు సన్నటి గీతలు కూడా కనిపించాయి నాకు.

"రాలేదమ్మా. ఈ జతని దింపొద్దు" అన్నారు.

శ్రీను కంగారుపడిపోయాడు. "అదేంటండీ, ఇంత దూరం లారీలో తెచ్చానండీ. పొద్దున తవుడు నీళ్ళు కూడా తాగిందండీ."

రామ్మోహనరావుగారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. "డాక్టరుగారూ, పెద్దాయన లెక్కలు సరే, మీ థర్మామీటరు ఏమంటోంది? చదువుకున్నవారు మీరు. మీ మాట కావాలి మాకు."

థర్మామీటరు పెట్టి చూశాను. ఉండాల్సిన దానికంటే ఒక డిగ్రీ ఎక్కువుంది. "ఈ ఎండకి ఆ మాత్రం ఉంటుందిలెండి" అన్నాను. సాంబయ్యగారు నా వైపు చూశారు. చదువుకున్నవారు మీరు అన్న మాట ఇంకా చెవిలో తియ్యగా ఉంది. సంతకం పెట్టేశాను.

మూడో తిప్పు తిరిగే దగ్గర ఆ ఎద్దు ముందుకాళ్ళ మీద కూలబడింది. లేస్తుందనుకుని జనం ఈలలు వేశారు. డప్పులు ఇంకాసేపు మోగుతూనే ఉన్నాయి. నేను బ్యాగు తీసుకుని పరిగెత్తాను, చేయగలిగిన సూదులన్నీ చేశాను. నాకంటే ముందే సాంబయ్యగారు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పావుగంటలో అది చచ్చిపోయింది. శ్రీను బరిలోనే పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బజ్జీల కొట్టు మీది టార్పాలిన్ పట్టుకొచ్చి కప్పారు, ట్రాక్టరు మీద తీసుకెళ్ళారు. ఇసుక పోసి బరిని సరిచేశారు. అరగంటలో మైకు మళ్ళీ అందుకుంది, తర్వాతి జత దిగింది. అవతల పందిట్లో కుర్చీలాట పాట ఎక్కడా ఆగినట్టు లేదు.

ఆ సాయంత్రమే వేదిక వెనక కమిటీ కూర్చుంది. ఎద్దు చావుకి ఎవరిది బాధ్యతని శ్రీను బంధువులు గట్టిగా అడుగుతున్నారు. రామ్మోహనరావుగారు నా వైపు తిరిగారు. "ముట్టె ఆరిపోయింది, దింపొద్దని సాంబయ్యగారు ముందే చెప్పారంటున్నారు. మీరు పక్కనే ఉన్నారు కదా. ఏం చూశారు?"

అందరూ నన్నే చూస్తున్నారు. నా సంతకం ఉన్న కాగితం బల్ల మీద ఉంది. ఉద్యోగం పోతుందేమోనని వణికాను. ఈ డాక్టరమ్మకి ఏమీ తెలీదంటారేమోనని అంతకంటే ఎక్కువ వణికాను.

"తడి వచ్చిందండీ. నేను చూశాను. ఆ ఎండ గ్లేరుకి బాబాయిగారికి సరిగ్గా కనిపించి ఉండదు."

ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన కళ్ళజోడు తీసి, కండువా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నా మొహంలోకి చాలాసేపు చూశారు. నేను అబద్ధం చెప్పగలనన్న ఆలోచనే ఆయనకి రాలేదు. దాని బదులు వేరే ఆలోచన వచ్చింది.

"అంతేనేమోనండి. వయసు మీద పడింది కదా" అన్నారు.

ఎద్దు గుండె ఆగి పోయిందని తేల్చారు. ఎవరి తప్పూ లేదన్నారు. మరుసటి ఏడు తిరునాళ్ళ మొదటి రోజునే సాంబయ్యగారిని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, పెద్దాయనకి ఇక విశ్రాంతి అవసరమని మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఏమనుకుంటారోనని.

అక్కడితో ఆగి ఉంటే నేను ఏదోలా సర్దుకునేదాన్నేమో. ఆగలేదు. ఆయన విజయవాడ వెళ్ళి కళ్ళు చూపించుకొచ్చారు. "కళ్ళు బాగానే ఉన్నాయంటున్నారమ్మా. మరి ఆ రోజేమైందో" అన్నారు నాతో. ఇంకో డాక్టరుకి చూపించండి అన్నాను. చూపించుకున్నారు కూడా. ఒకరోజు పిన్నిగారు ఆసుపత్రికి వచ్చి బల్ల మీద కూలబడింది. "పాలు పితికి, గిన్నె నిండిందా లేదా అని నన్ను పిలిచి అడుగుతున్నారమ్మా. నారుమడి పచ్చగా ఉందా, పండుబారిందా అని దారిన పోయేవాళ్ళని అడుగుతున్నారు. మంచి మందేదైనా ఉంటే చెప్పు" అంది. ఆ మందు నా దగ్గరే ఉంది. ఒక్క మాట. అది నా నోట్లోంచి రాలేదు. వాళ్ళు గేదెలు అమ్మేశారు. ఒక్క ఆవు మిగిలింది.

నాకు బదిలీ అయినప్పుడు చెప్పి వెళ్దామని వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయిగారు నన్ను పాకలోకి తీసుకెళ్ళి ఆవు ముట్టెని కండువాతో తుడిచారు. పైకే లెక్కపెట్టారు. ఊపిరి తీసుకుంటూ, ఒక్కో అంకే. పన్నెండు దగ్గరే ముట్టె నిండా బొట్లు పోసుకున్నాయి. ఇరవై అనేసరికి ఒకటి జారి ఆయన బొటనవేలి మీద పడింది.

"తడి వచ్చిందా అమ్మా?" అని అడిగారు.

ఆయన వేలు తడిగా ఉంది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నారు. చూస్తూనే నన్ను అడుగుతున్నారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పాకలో మేమిద్దరమే ఉన్నాం. నా ఉద్యోగానికి ఏ ముప్పూ లేదు, కమిటీ ఎప్పుడో మర్చిపోయింది. కానీ చెబితే ఆయన నన్ను చూసే చూపు మారిపోతుంది. అదొక్కటే నా భయం.

"వచ్చింది బాబాయిగారూ" అన్నాను.

"నాకూ వచ్చినట్టే ఉంది. కానీ నాకు కనిపించింది ఏం లెక్కలే. నువ్వు చెప్పావు కాబట్టి సరే." నా తల మీద చెయ్యి పెట్టి, జాగ్రత్తగా వెళ్ళు అన్నారు. బస్సు ఎక్కి ఉయ్యూరు దాకా ఏడ్చాను. ఆ ఏడుపు వల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు.

రెండేళ్ళకి ఆయన పోయారని తెలిసింది. పెద్దకర్మకి వెళ్ళాను. అందరూ భోజనాలకి లేచాక పిన్నిగారి పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆవిడ అరవలేదు, ఏడవలేదు.

"ఆయనకి చెప్పాల్సిన మాట నాకు చెప్తే నేనేం చేసుకోనమ్మా?" అంది. ఆ తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు.

మిగతా ఉద్యోగమంతా ఆయన నేర్పిన విద్యతోనే నెట్టుకొచ్చాను. పశువు ముట్టె తుడిచి లెక్కపెట్టని రోజు లేదు. నా చెయ్యి మంచిదని ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. ఆ పొగడ్త వినపడినప్పుడల్లా, దారిన పోయేవాళ్ళని ఆపి తన పొలం రంగు అడిగిన మనిషి గుర్తొస్తాడు. నాకు క్షమాపణ దొరుకుతుందని ఇది రాయడం లేదు. ఇవ్వగలిగిన ఒక్కరూ లేరు. ఆయన్ని ఎరగని మీకైనా ఉన్నదున్నట్టు చెప్పాలి, అంతే. సాంబయ్యగారి చూపులో ఏ లోపమూ లేదు. ఆ రోజు ఆ ఎద్దు ముట్టె పొడిగానే ఉంది. నేనూ చూశాను.