వాగు అవతలి కోడికూత

ఆ అటవీ బంగ్లాలో నేను రెండుసార్లు బస చేశాను. మొదటిసారి పత్రికలో విలేకరిగా పదేళ్లు నిండాక, రెండోసారి రిటైర్మెంటుకు ఏడాది ముందు. మొదటిసారి రెండు రాత్రులూ హాయిగా నిద్రపోయాను. రెండోసారి ఉన్నది ఒక్క రాత్రే, నిద్ర పట్టింది అందులో సగం.

బస్తర్‌లో జగదల్‌పూర్ నుంచి దోర్నపాల్, కోంటా వైపు పోయే రోడ్డు ఘాట్ దిగాక జాతీయ పార్కు గేటు వస్తుంది. అక్కణ్ణుంచి మట్టిదారిలో సాల చెట్ల కింద అరగంట పోతే బంగ్లా. దొరల కాలంలో కట్టింది. మూరెడు మందం రాతిగోడలు, పెంకుల కప్పు, మూడువైపులా వరండా. హాల్లో పైన పంఖా వేలాడదీసిన ఇనప కొక్కేలు ఇంకా ఉన్నాయి. పంఖా లేదు, లాగేవాడూ లేడు. వరండా ముందు పచ్చిక, దాని దిగువన వెదురు పొదలు, వాటి వెనక వాగు. ఆ వాగు కనిపించదు, వినిపిస్తుంది.

మొదటిసారి నన్ను పంపింది ఆదివారం అనుబంధం కోసం. అప్పటికి బైలడిల్లా ఇనప ఖనిజం గురించి రాసి రాసి విసుగెత్తి ఉన్నాను. వ్యాగన్లు, ఎర్ర దుమ్ము, యూనియన్ గొడవలు. ఈసారి అడవి మీద రాయమన్నారు. జీపూ గదీ అటవీశాఖే ఇచ్చింది. వరండాలో పడక కుర్చీలో కూర్చుని, పొద్దున్నే వాచ్‌మన్ వేసిచ్చిన గుడ్డట్టు తిని, ఒక పూర్తి పేజీ వ్యాసం రాశాను. అక్కడ మనిషి అలికిడే లేదని, ఉన్నదల్లా అడవికోడి కూతేనని అందులో రాశాను. డెస్కు వాళ్లకు ఆ ముక్క నచ్చి పెద్ద అక్షరాల్లో పెట్టారు. నాకూ నచ్చింది. చాలాకాలం నా మంచి వ్యాసాల్లో దాన్నొకటిగా చెప్పుకున్నాను.

ఇరవై ఏళ్లు దాటాక ఒక సోమవారం మా జగదల్‌పూర్ ఆఫీసుకు ఫోనొచ్చింది.

"సార్, నేను బంగ్లా వాచ్‌మన్ని. కోంటావోణ్ణి. గుర్తున్ననా?"

గుర్తున్నాడు. ఆ అడవిలో తెలుగు వినిపించిందని అప్పట్లో సంబరపడ్డాను.

"మీరు రాసిన కాయితం వాగవతలోళ్ల నెత్తి మీదికొచ్చింది సార్. గురువారం కమిటీ వస్తున్నది. ఒకరోజు ముందే రండ్రి."

"వాగవతల ఎవరున్నారయ్యా?" అన్నాను.

"గదే సార్ కష్టం. మీకే తెల్వకపాయె," అన్నాడు.

విషయం అతని నోట ముక్కలు ముక్కలుగా తెలిసింది. వాగుకు అవతల పదకొండు ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల వెనక, పార్కు హద్దు దాటాక ఒక గుట్ట. గుట్టలో ఖనిజం ఉందని సర్వే నడుస్తోంది. లారీల రోడ్డు ఆ ఇళ్ల మీదుగా గీశారు. ఇళ్లవాళ్లు తాతల నాటి భూమికి పట్టా కావాలని దావా వేశారు. మైనింగ్ వస్తుందని తెలిశాకే వచ్చి గుడిసెలు వేసుకున్నారన్నది అటవీశాఖ అభ్యంతరం. ముసలివాళ్లు వాంగ్మూలం ఇచ్చారు గానీ, వాళ్లూ దావా వేసినవాళ్లే కనుక చెల్లదన్నారు. వాచ్‌మన్ చెబితే, కాగితం ఉంటే తెమ్మన్నారట. ఆ అభ్యంతరానికి రుజువుగా ఫైల్లో ఉన్నది నా వ్యాసం. అప్పట్లో అక్కడ మనుషులే లేరని పేపరు వాడే రాశాడు కదా. గురువారం కమిటీ బంగ్లా వరండాలోనే కూర్చుని తేలుస్తుంది. దావా కొట్టేస్తే ఇళ్లు లేపేస్తారు, పరిహారం కూడా రాదు. కాగితం ప్రకారం వాళ్లు అక్కడ లేనివాళ్లు.

బుధవారం మధ్యాహ్నానికి చేరాను. వరండా నిండా చెక్క పెట్టెలు, వాటిలో గుట్టలోంచి డ్రిల్లు చేసి తీసిన రాతి కడ్డీలు వరసగా పేర్చి ఉన్నాయి. కొన్ని నల్లగా, కొన్ని ఎండు నెత్తురు రంగులో. పక్క గదిలో సర్వే జియాలజిస్టు దిగి ఉన్నాడు. బైలడిల్లా గనుల కిరందుల్ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన, వాళ్లది గోదావరి వైపు. నా పేరు వినగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరేనాండీ! మా నాన్నగారు మీ వ్యాసం కత్తిరించి దాచారండి. నేనీ ఉద్యోగంలోకి రావడానికి సగం కారణం మీరే. ఎంత బాగా రాశారండీ!"

"అది ఫైల్లోకి ఎలా వచ్చింది?"

"నేనే ఇచ్చానండి. ఈ చోటు గురించి పాత కాగితం ఏదైనా ఉందా అని అటవీశాఖవాళ్లు అడిగారు. ముఖ్యమైన రెండు ముక్కలూ హిందీలోకి చేయించి ఇచ్చాను." అతని ముఖంలో దాపరికమేమీ లేదు. మంచి పని చేశాననే అనుకుంటున్నాడు.

సాయంత్రం వాచ్‌మన్ నాటుకోడి కూర వండాడు. జియాలజిస్టు నేనొచ్చానని చెప్పి చేయించాడు. ఆకలి మీదున్నాను, రెండోసారి కూడా వేయించుకున్నాను.

తింటుండగా వెదురు పొదల్లోంచి ఒకామె వచ్చి పచ్చిక అంచున కూర్చుంది. అరవై ఏళ్లుంటాయి. దావా కాగితంలో మొదటి వేలిముద్ర ఆమెదని వాచ్‌మన్ చెప్పాడు. ఏటా భద్రాచలం వైపు మిరపకాయలు ఏరడానికి పోయి తెలుగు నేర్చుకుందట. పైకి రమ్మంటే రాలేదు. నేనే చెయ్యి కడుక్కుని దిగి వెళ్లాను.

"కాయితం రాసింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మల్ల అప్పుడు మా అత్త తెచ్చిన గుడ్లు తిన్నది ఎవరు?"

నాకు అర్థం కాలేదు. వాచ్‌మన్ నేల చూస్తూ చెప్పాడు. బంగ్లాకు ఎప్పుడూ గుడ్లు వచ్చేది వాగవతల నుంచేనట. నేను తిన్న అట్లూ ఆ గుడ్లవే. వార్తలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి లేకపోతే తిప్పి పంపే డెస్కులో పెరిగినవాణ్ణి. నా పళ్లెంలోకి గుడ్డు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కసారి అడగలేదు.

"రేపు ఏం చెప్తవ్?" అందామె.

"మీరు ఉన్నారని చెప్తాను."

"నువ్వు సూసినవా?"

చూడలేదు. వాగు వైపు తల తిప్పాను. ఆమె లేచి వెళ్లిపోయింది.

పొద్దున తెల్లవారకముందే వరండాలోకి వచ్చాను. గుట్ట వైపు అడవిలో ఒక కోడి కూసింది. కూత పైకి లేచి, చివర్లో కత్తితో కోసినట్టు టక్కున ఆగింది.

"గది అడవికోడి సార్," అన్నాడు వాచ్‌మన్ టీ ఇస్తూ. "సగం కూసి మింగేస్తది. ఊరికోడి అట్ల కాదు. గొంతు సాపి లాగుతది. మీరప్పుడు విన్నది ఏ కోడి?"

చేతిలో టీ చల్లారిపోయింది కానీ గుర్తుకు రాలేదు. ఇరవై ఏళ్ల కిందటి కూత ఎలా గుర్తుంటుంది? అడవికోడి అని రాశాననే గుర్తుంది. అడవిలో కూసింది కనుక అడవికోడి. అంతే అనుకుని ఉంటాను.

"ఊరికోడి కూత కూడా ఒకసారి వింటే గుర్తొస్తుందేమో. వాగవతల ఇప్పుడు కూస్తుందా?"

అతను తల గోక్కున్నాడు. "దగ్గర్లో ఉన్నది ఆమె పుంజొక్కటే సార్. మిగిలినవి ఊరి ఆ కొసకు ఉంటయ్."

"ఏదీ, కూయలేదే?"

"నిన్న మనం తిన్నది గదే సార్."

ఇంకో దారి వెతికాం. హాల్లో అద్దాల బీరువాలో అతిథులు అభిప్రాయాలు రాసే పాత పుస్తకాలుండేవి. వాగవతల ఊరున్నట్టు ఎవరో ఒకరు రాసి ఉండరా అని ఆశ. తాళం తీస్తే పుస్తకాల బదులు చెదల మన్ను. అట్టలు మిగిలాయి, లోపల కాగితం లేదు. అడుగున ఒకటే బతికింది. నేల మీద కూర్చుని పేజీ పేజీ చదివాను. పులి కనబడిందని ఒకరు, స్నానానికి నీళ్లు వేడిగా లేవని ఒకరు. గుడ్లు మరీ చిన్నవని ఇద్దరు వేర్వేరు ఏళ్లలో రాశారు. ఎవరు తెచ్చారో, ఎక్కణ్ణుంచి తెచ్చారో ఒక్కరూ రాయలేదు. నాకు ముందు ఆ పడక కుర్చీలో కూర్చున్నవాళ్లంతా నాలాంటి వాళ్లే.

పదకొండు కాకముందే జీపులు వచ్చాయి. కమిటీకి పెద్ద ఒక చిన్న వయసు అధికారి, మితభాషి. పక్కన ఈమధ్యే ఇక్కడికి బదిలీ అయిన ముసలి రేంజరు, ఇద్దరు గుమాస్తాలు. వాగవతల నుంచి పాతికమంది దాకా వచ్చి పచ్చిక మీద కూర్చున్నారు. ఆమె ముందు వరసలో ఉంది. మాటలన్నీ హిందీలో, మధ్యమధ్య అక్కడి జనం మాట్లాడే హల్బీలో నడిచాయి.

అధికారి హిందీ కాగితం చదివించి నా వైపు తిరిగాడు. "ఇది మీరు రాసిందేనా?"

"నాదే. కానీ తప్పు రాశాను. వాగవతల ఊరుంది."

"మీరు చూశారా?"

"లేదు. వాగు దాటలేదు."

"మరి తప్పని ఎలా చెబుతున్నారు? అప్పుడు లేదన్నారు, ఇప్పుడు ఉందంటున్నారు. రెండుసార్లూ చూడకుండానే." అతని గొంతులో వెటకారం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. "అప్పుడు రాసింది అచ్చులో ఉంది. ఇప్పుడు చెప్పేది ఎవరో అడిగితే చెబుతున్నారని రాసుకోమంటారా?"

గుమాస్తా కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. అతను ఆ ఒక్క లైను రాసేస్తే పదకొండు ఇళ్ల సంగతి తేలిపోతుంది. నా దగ్గర ఉన్నది అచ్చులో ఉన్న నా మాట ఒక్కటే. అయితే హిందీ కాగితంలో ఉన్నవి రెండు ముక్కలు. నేను రాసింది పేజీడు.

"అసలు తెలుగు వ్యాసం చూడవచ్చా?" అన్నాను. చూస్తే మేలు జరుగుతుందో, ఇంకా కీడే జరుగుతుందో నాకు తెలియదు.

జియాలజిస్టు కూర్చున్నచోటే కదిలాడు. క్లిప్పింగు అతని సంచిలో ఉందని నాకు తెలుసు, రాత్రే కవరులోంచి తీయకుండా గర్వంగా చూపించాడు. లేదని అతనంటే అంతటితో అయిపోయేది. అతను ఒకసారి పచ్చిక వైపు, ఒకసారి చెక్క పెట్టెల వైపు చూశాడు. తర్వాత ప్లాస్టిక్ కవరులోంచి పసుపుపచ్చబడ్డ కాగితం జాగ్రత్తగా తీసి నాకిచ్చాడు. "మడత దగ్గర చిరుగుతుందండి," అన్నాడు మెల్లగా.

మూడో కాలమ్‌లో కోడికూత ముక్క దొరికింది. తెలుగులో చదివి, హిందీలో చెప్పాను. 'వాగు అవతల నుంచి ఒక అడవికోడి దీర్ఘంగా, తీరిగ్గా, గొంతు సాగదీసి కూసింది. ఇక్కడ మనిషి అలికిడి లేదు.'

ముసలి రేంజరు తల ఎత్తాడు. "మళ్లీ చదవండి."

చదివాను.

"అడవికోడి సాగదీయదు," అన్నాడు రేంజరు అధికారితో. "మధ్యలో తెంపేస్తుంది. ముప్పై ఏళ్లుగా వింటున్నాను. అలా కూసేది ఇంటి పుంజే. పుంజు ఉందంటే సాయంత్రం గంప కింద మూసేవాళ్లు ఉన్నట్టే."

వాచ్‌మన్ ఆమె పక్కన వంగి తెలుగులో చెప్పాడు. ఆమె నన్ను చూసి, అందరికీ వినబడేలా అంది: "నీ కాయితం మా ఊరిని మింగింది. నువ్వు మా పుంజును మింగినవ్. ఇప్పుడు కక్కినవ్ పో!"

హల్బీలో ఎవరో దాన్ని తిప్పి చెప్పగానే పచ్చికంతా నవ్వింది. రేంజరూ నవ్వాడు. అధికారి నవ్వలేదు. గుమాస్తాతో నా మాట పూర్తిగా రాయించి నా సంతకం తీసుకున్నాడు. పత్రికలో తప్పు పడితే లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో సవరణ వేస్తాం. ఇరవై ఏళ్ల తర్వాత నేను వేసిన సవరణ అదే, ఒక ప్రభుత్వ ఫైల్లో.

"ఇది ఒక్కటీ చాలదు," అన్నాడు అధికారి లేస్తూ. "కానీ ఆ అభ్యంతరం నిలవదు. ఊరు చూడాలి. ఎంత దూరం?"

"గుడ్లు పట్టుకొని నడిస్తే ఒక బీడీ కాలేంత. ఉత్త చేతుల్తో అయితే ఇంకా ముందే," అందామె.

అందరం వెదురు పొదల్లోంచి దిగాం. చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటాను. నీళ్లు మోకాలి కిందికే. అవతలి ఒడ్డు ఎక్కగానే ఇళ్లకంటే ముందు రాళ్లు కనిపించాయి. మనిషెత్తువి, నడుమెత్తువి, వరసగా నిలబెట్టి ఉన్నాయి. పోయినవాళ్ల పేర నిలిపినవి. కొన్నింటి మీద నాచు పట్టింది, ఒకదాన్ని చెట్టు వేరు చుట్టుకుంది. అధికారి ఆ వేరు దగ్గర వంగి చాలాసేపు చూశాడు. గుమాస్తాను పిలిచి రాళ్లు లెక్కపెట్టి రాయమన్నాడు.

ఆమె వరసలో చివరికి దగ్గరగా ఉన్న ఒక పొట్టి రాయి ముందు ఆగింది. నన్ను రమ్మని చెయ్యి ఊపింది.

"మా అత్త. నీకు గుడ్లు తెచ్చింది ఈమెనే," అంది.

వెనక్కి తిరిగి చూశాను. వెదురు మీదుగా బంగ్లా పెంకుల కప్పు, వరండా, నా పడక కుర్చీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.