అవతలి ఊరి పిల్లలకు యూనిఫాం

మా వదిన కోపమంతా కత్తెరలో తెలుస్తుంది. బట్ట తెగే చప్పుడు వినే ఆ పూట ఇంట్లో ఎవరు నోరు మూసుకోవాలో చెప్పేయొచ్చు. వీధి వైపు గదిలో రెండు కుట్టుమిషన్లున్నాయి, ఒకటి ఆవిడది, ఒకటి నాది. బడి పిల్లల యూనిఫాంలన్నీ ఆ గదిలోంచి వెళ్ళాల్సిందే. మా అన్నయ్య లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంటికి పెద్దదిక్కు వదినే. నేను మొగుడితో వేగలేక వచ్చేసిన ఆడపడుచుని. ఆ మాట ఎత్తి వదిన నన్ను ఏనాడూ నొప్పించలేదు. కుట్టు వంకర పోతే మాత్రం నా ఏడు తరాలనూ వదలదు, అవి వాళ్ళాయన తరాలు కూడా అన్న సంగతి ఆ కోపంలో గుర్తుండదు.

ఏటికి అవతల ఇంకో ఊరుంది. వాళ్ళ భాష వేరు, దేవుడికి మొక్కే తీరు వేరు. తాతల నాటి నుంచి వాళ్ళకీ మాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. బడికి కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ ఈ పగ పిల్లల దగ్గరైనా ఆగాలని ఒక పద్ధతి పెట్టింది. తొమ్మిదో తరగతిలో ఇష్టమైన పిల్లలు కొన్నాళ్ళు అక్కడికి వెళ్తారు, వాళ్ళ పిల్లలు ఇక్కడికొస్తారు. మన పిల్ల ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి పిల్ల మనింట్లో ఉంటుంది. వచ్చినవాళ్ళు వేరుగా కనబడకూడదని ఉన్నన్నాళ్ళూ ఈ బడి యూనిఫామే వేసుకోవాలి, అక్కడ మనవాళ్ళు వాళ్ళది వేసుకోవాలి.

వదిన మొదట ఒంటికాలి మీద లేచింది. "నా పిల్లని వాళ్ళ చేతుల్లో పెట్టి, వాళ్ళ పిల్లకి నేను వండి వార్చాలా?" అంది. మా మేనకోడలు అన్నం మానేసి సాధించుకుంది.

అలా వచ్చింది ఆ పిల్ల. మా గుమ్మానికి తల తగిలేంత పొడుగు, మొదటి రోజే నేను నిచ్చెన అని పేరు పెట్టేశాను. ఉన్న స్కర్టులేవీ మోకాళ్ళు దాటకపోతే వదిన సణుగుతూనే అడుగున వేరే పట్టీ వేసి కుట్టింది. అన్నం ముందు కూర్చుని ఆ పిల్ల కాసేపు కళ్ళు మూసుకునేది. "కూరలో విషం కలిపామేమోనని మొక్కుకుంటోంది," అంది వదిన. వారం తిరక్కుండా, నిచ్చెన కళ్ళు తెరిచేదాకా తనూ ముద్ద ఎత్తకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. నేను నవ్వితే, "నీకు లేని మర్యాద ఎవరో ఒకరు నేర్చుకోవాలిగా," అంది. సాయంత్రాలు నిచ్చెన మిషన్ పక్కన కూర్చుని గుండీలు కుట్టేది. సూదినీ దారాన్నీ వాళ్ళ భాషలో ఏమంటారో వదినకి చెప్పేది. మా వదినకి కూతురి మీద బెంగ ఉన్నా ఇల్లు మాత్రం కళకళలాడింది.

అప్పుడు ఏటి నీళ్ళ దగ్గర గొడవైంది. మావాళ్ళు కొట్టిన దెబ్బకి అవతలివాడొకడు చచ్చిపోయాడు. పొద్దున్నే పాలవాడు రాలేదు. దుకాణాలవాళ్ళు షట్టర్లు సగం దించుకుని అమ్మారు. ఎప్పుడూ పలకరించని ఎదురింటాయన కిటికీ దగ్గర ఆగి, "ఆ పిల్ల లోపలే ఉందా?" అని అడిగి వెళ్ళిపోయాడు. మా మేనకోడలికి ఫోన్ చేస్తే మోగడం లేదు. నేను ఆ నంబరే మళ్ళీ మళ్ళీ నొక్కాను. వదిన మాత్రం అదే గుడ్డని అటూ ఇటూ తిప్పుతూ కత్తెర పట్టుకుని కూర్చుంది, కత్తిరించలేదు.

మధ్యాహ్నం పిల్లల్ని పంపిన తల్లిదండ్రులంతా మా గదిలోనే చేరారు. హెడ్మిస్ట్రెస్ ఊళ్ళో లేదు. మాట్లాడింది మిల్లు మేనేజరు. ఆయన కొడుకూ ఏటి అవతలే ఉన్నాడు. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు.

"వాళ్ళ పిల్లల్ని రేపు బడిలో ఒకచోట ఉంచుదాం. పరుపులేద్దాం, వేళకి భోజనం పెడదాం. తలుపుకి తాళం, అంతే. మనవాళ్ళు వచ్చాక పంపించేద్దాం. ఇందులో తప్పేముందమ్మా?"

ఎవరికీ తప్పు కనబడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కనబడలేదు.

"ఒక్క పని మీరు చేసిపెట్టాలి," అన్నాడు వదినతో. "వాళ్ళ ఒంటి మీద మన యూనిఫాం తీయించి వాళ్ళ బట్టలు వేయించండి. రేపు ఏదైనా అయితే మన పిల్లలెవరో, వాళ్ళ పిల్లలెవరో తెలియాలి కదా."

ఆ మాటకి నేను లేచి పక్కగది తలుపు దగ్గరికి వేశాను. పక్కగదిలో గుండీలు కుడుతున్న నిచ్చెనకి ఎంత అర్థమైందో తెలియదు. వదిన తల పైకెత్తకుండా, "అందర్నీ పొద్దున్నే ఇక్కడికి పంపించండి. బట్టలు మార్చి నేనే బడికి తీసుకొస్తాను," అంది. మేనేజరు చేతులు జోడించి దండం పెట్టాడు.

వాళ్ళు వెళ్తుంటే వదిన బడి బస్సు డ్రైవర్ని వెనక్కి పిలిచింది. "బాబాయ్, రేపు బస్సు బడికి కాదు, వంతెన దగ్గరికి."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "నా మనవడు అక్కడున్నాడమ్మా."

"అందుకే నిన్ను అడుగుతున్నా."

నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. "వదినా, నీకు మతి పోయిందా? వీళ్ళు వెళ్ళిపోతే మన పిల్లని విడిపించుకోవడానికి మన దగ్గర ఏముంటుంది?"

"మనం తాళం వేశామని తెలిస్తే వాళ్ళూ వేస్తారు. ఆ తర్వాత ముందెవరు తీస్తారో నువ్వు చెప్పు."

"మనం పంపినా వాళ్ళు పంపకపోతే?"

"పంపకపోతే నేను చచ్చినదాన్నే," అంది. "అయినా ఈ పిల్ల నా చేతి అన్నం తింది. దీన్ని తాళం వేసిన గదిలో పడేయడం నా వల్ల కాదు."

పొద్దున పిల్లలు వచ్చారు. వదిన ఎవరి బట్టలూ మార్చలేదు. మా యూనిఫాంలోనే బస్సెక్కించింది. నేనూ ఎక్కాను, ఎందుకెక్కానో ఇప్పటికీ చెప్పలేను. దారికి అడ్డంగా కర్రలతో నిలబడ్డవాళ్ళు లోపలికి తొంగిచూశారు. మన బడి బట్టలు చూసి, "జాగ్రత్తగా వెళ్ళండమ్మా," అని దారిచ్చారు. నిచ్చెన నా వేళ్ళు నలిగిపోయేలా పట్టుకుంది.

వంతెన అవతల వాళ్ళ మాస్టారొకాయన, కొందరు మగవాళ్ళు ఉన్నారు. మన పిల్లల జాడ లేదు. మాస్టారు వచ్చీరాని మన మాటల్లో, "మీ పిల్లల్ని బడిలో ఉంచారు. తాళం వేశారు," అన్నాడు. వదిన నిచ్చెన భుజం మీద చెయ్యి వేసి ముందుకు నడిపించింది. ఆ పిల్ల ఏడుస్తూ వాళ్ళ భాషలో ఏదో అంది, వదిన తలూపింది. ఒక్కొక్కరే అందరూ దాటేశారు.

వెనక్కి తిరిగేసరికి మేనేజరూ మిగతావాళ్ళూ వంతెన మొదట్లో ఉన్నారు. ఒకావిడ వదిన జుట్టు పట్టుకోబోతే డ్రైవర్ బాబాయ్ అడ్డుపడ్డాడు. మేనేజరు అప్పుడూ గొంతు పెంచలేదు. "నా కొడుకు రాకపోతే మీరు ఈ ఊళ్ళో ఉండరు," అన్నాడు, అంతే. ఎండంతా నెత్తిన భరిస్తూ వదిన అక్కడే నిలబడింది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. అవతల నుంచి అరుపులు ఆగి ఆగి వినబడుతున్నాయి. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక వదిన మీదే తెచ్చుకున్నాను.

పొద్దువాలాక వాళ్ళ బస్సొచ్చింది. అందరూ వచ్చారు. మేనేజరు కొడుకుని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా మేనకోడలు దిగి, తల్లిని దాటుకుని వచ్చి నన్ను పట్టుకుంది.

"వాళ్ళ పిల్లలు వచ్చేశాక కొందరు తలుపు దగ్గరికొచ్చారత్తా. ఇంక వీళ్ళని పంపాల్సిన పనేముందని అరిచారు. మాస్టారు అడ్డంగా పడుకున్నాడు. లేకపోతే..." అని వదిన వైపు తిరిగింది. "నన్ను అక్కడ పెట్టి దాన్నెలా పంపావమ్మా?"

వదిన కూతురి భుజం మీద చెయ్యి వేయబోతే అది నా వెనక్కి జరిగింది.

తర్వాత ఒకసారి, మిషన్ల దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు, మళ్ళీ అయినా అదే చేస్తానంది. నేను కాదనలేదు. ఇప్పుడు బడి పిల్లలు మళ్ళీ కొలతలకి వస్తున్నారు, మేనేజరు కొడుకూ వచ్చాడు. మా మేనకోడలు మాత్రం ఆ రోజు నుంచి వాళ్ళమ్మ కుట్టిన బట్టలు వేసుకోవడం లేదు. బజారులో రెడీమేడ్ కొనుక్కుంటోంది.