రామకిష్టయ్య పొట్ట, ఏకించడానికి పోయిన పరుపు

మా గోడ పక్కింటి రామకిష్టయ్య పసుపు కమీషన్ వ్యాపారి. పొద్దున స్కూటర్ మీద దుకాణానికి పోయి అక్కడ ఎత్తుగా పరిచిన దూది పరుపెక్కితే, మళ్ళీ దిగేది దుకాణం కట్టేసేటప్పుడే. రైతులే సంచిలో నాలుగు పసుపు కొమ్ములు తెచ్చి ఆయన ముందు పెట్టాలి. కొమ్ము విరిచి, ఆ చప్పుడు విని, ఎండిందో లేదో చెప్పేస్తాడు. ఆర్మూరులో ఆ చెవికి తిరుగులేదు. చెవి కింద మనిషి మాత్రం ఏటేటా బస్తా నిండినట్టు నిండుతూ వచ్చాడు.

పసుపు తవ్వకాలు మొదలైన రోజుల్లో డాక్టరు గట్టిగా చెప్పాడు. షుగరు గోలీలకు లొంగడం లేదు, సీజన్ ముగిసేలోగా పొట్ట తగ్గకపోతే రోజూ ఇన్సులిన్ సూది పొడుచుకోవాలని. రామకిష్టయ్యకు సూదంటే ఎంత భయమో మా గల్లీకంతా తెలుసు. చిన్నప్పుడు బడికి టీకాలవాళ్ళు వస్తే కిటికీలోంచి దూకి పారిపోయాడట.

"ఇప్పుడైతె కిటికీల పట్టడు, గదే నా ధైర్నం" అంది ఆయన భార్య విమల.

పసుపు మనిషి కదా, పసుపు లెక్కే వేసుకున్నాడు. పచ్చి పసుపును ఉడకబెట్టి ఎండేస్తే బరువు పోయి తేలికవుతుంది. మనిషి ఎందుకు కాడు? అన్నం మానేశాడు. మధ్యాహ్నం మేడ మీద గొంగడి కప్పుకుని ఎండలో పడుకున్నాడు. ఆ వేళకు నాకు మా మేడ మీద మిరపకాయలు ఎండబెట్టే పని ఉంది. లేకపోయినా కల్పించుకునేదాన్ని.

"ఏందయ్యా, ఉడకబెట్టుడు అయిందా, సక్కగ ఎండబెట్టుడేనా?"

"నవ్వకు లసుమక్కా. పొద్దుమీకి కాంటా మీద చూడు" అన్నాడు గొంగడిలోంచి.

సాయంత్రం బస్తాలు తూచే కాంటా ఎక్కాడు. నిజంగానే తగ్గింది. ఆ సంబరంలో చెంబెడు మజ్జిగ, దాని మీద చెంబెడు నీళ్ళు తాగాడు. తెల్లారి ఎక్కితే కాంటా పాత అంకెనే చూపింది.

"తేమ పోయింది గని సరుకు ఏడికి పోయిందయ్యా" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

విమల అన్న కూతురు రుచిత దవాఖానలో నర్సు. సంగతి తెలిసి వచ్చి చీవాట్లు పెట్టింది.

"ఎండల పండుకుంటె నీళ్ళు పోతయ్ మామా, కొవ్వు పోదు. కడుపు మాడ్చుకుంటె ఒళ్ళు కరువొచ్చిందనుకుంటది. రాబడి తగ్గిన ఇంట్ల పొయ్యి సన్నగ పెట్టుకున్నట్టు లోపలి మంట తగ్గిచ్చుకుంటది. ఆ మంటనే మెటబాలిజం అంటరు. జర తక్కువ తిను, గని తిను. తిన్నది కాళ్ళతోని ఖర్చుపెట్టు. కండ పెరిగితె నువ్వు ఊకె కూసున్నా అది ఇంత తింటది."

"నడుస్త బిడ్డా, నడుస్త" అన్నాడు. స్కూటరెక్కి పోయి పరుపు మీద కూర్చున్నాడు.

నేనూ విమలా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మర్నాడు దుకాణంలో పరుపు లేదు.

"దూది గడ్డలు గట్టింది. ఏకనీకి బాల్కొండల ఉన్న దూదేకులాయనకు ఇచ్చిన" అంది విమల.

ఉత్త నేల మీద కూర్చుంటే ఆయన లేవలేడు. కుర్చీలో కూర్చునేది గుమాస్తాలే అని ఆయన పట్టింపు. నిలబడి నిలబడి విసిగి, ఊరి బయట రైతుల కల్లాలకు తనే పోవడం మొదలుపెట్టాడు. పొలం గట్ల మీద స్కూటర్ పోదు. కల్లం నుంచి కల్లానికి నడక. కుప్ప కుప్పకూ వంగాలి, కొమ్ము విరవాలి, లేవాలి. ఇంటికొస్తే విమల జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర కడుపుకు పెట్టేది, అన్నం మాత్రం సగానికి కోసేసింది.

"పరుపు ఇంక రాలేదా?" అని అడిగేవాడు.

దూదేకులాయన బిడ్డ పెండ్లి అని ఒకసారి, మిషన్ ఖరాబైందని ఒకసారి నేనే చెప్పేదాన్ని. ఆ పెద్దమనిషికి ఉన్నారో లేరో తెలియని బిడ్డలందరికీ ఆ సీజన్‌లో పెళ్ళిళ్ళు చేశాను.

మొదట్లో కాంటా కదలలేదు. బెల్టు మాత్రం వదులైంది. మేకు కొట్టి కొత్త రంధ్రం చేసుకున్నాడు, తర్వాత ఇంకొకటి.

సీజన్ ముగిసింది. రక్త పరీక్షకూ సూదే కదా, రుచిత చెయ్యి పట్టుకుంటే గానీ కదలలేదు. డాక్టరు కాగితం చూసి, "ఇన్సులిన్ అక్కర్లేదు, గోలీలు చాలు. చేస్తున్నది ఆపకు" అన్నాడట.

ఆ మాట చెప్పడానికి జామకాయలు పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. తలుపు తీసే ఉంది. నడింట్లో ఆయన పరుపు, దాని మీద బారెడు సాగి మా పిల్లి.

"గిదేనా బాల్కొండ?" అన్నాడు.

"జర కూసో" అన్నాను.

పరుపును చూశాడు. పిల్లిని చూశాడు.

"వద్దక్కా. ముందుగాల దాన్ని లేపు. పొట్ట జూసినవా, రేపు సూది పడ్తది దానికి."

జామకాయలు గూట్లో పెట్టి, స్కూటర్ మా వాకిట్లోనే వదిలి, దుకాణానికి నడిచిపోయాడు.