ఒకటో పేజీలోని సిఫారసు లేఖ

2004 జూన్. రాయదుర్గం వైపు, కర్ణాటక సరిహద్దులో ఒక మండల విద్యా కార్యాలయం. అక్కడ నేను జూనియర్ అసిస్టెంటును. ఎన్నికలై ప్రభుత్వం మారింది. బడులు తెరిచేసరికి విద్యా వాలంటీర్ల ఫైళ్లు నా బల్ల మీదికి వచ్చాయి. టీచర్లు చాలని బడికి ఏడాది చొప్పున గౌరవ వేతనం మీద తీసుకునేవాళ్లే విద్యా వాలంటీర్లు. ఎవరిని తీసుకోవాలో ఊరి విద్యా కమిటీ తీర్మానిస్తుంది. ప్రభుత్వంతో పాటు కమిటీలూ మారాయి.

నాగరత్న గొర్రెల కాపరుల పల్లెలో నాలుగేళ్లుగా వాలంటీరుగా పాఠాలు చెబుతోంది. ఆ పిల్లలకు ఇంట్లో కన్నడం, పుస్తకంలో తెలుగు. ఆమె ముందు కన్నడంలో చెప్పి, తర్వాత తెలుగులో చదివించేది. మందల వెంట పోవాల్సిన పిల్లలు బడిలో నిలిచారు.

"నన్ను తీసేస్తారంటాండారు, నిజమేనా సార్?" అని వచ్చి అడిగింది.

"నీ మీద ఒక్క ఫిర్యాదూ లేదమ్మా. నువ్వు చేసిన పనంతా ఫైల్లో ఉండాది" అన్నాను.

తనిఖీ రిపోర్టులతో పాటు, ఆమె చేరినప్పటి సిఫారసు లేఖ కూడా అందులో ఉంది. ఇప్పుడు ఓడిపోయిన పార్టీ నాయకుడిది. ఫైల్లో చేరిన కాగితాన్ని తీయకూడదని నాకు పని నేర్పిన సూపరింటెండెంటు చెప్పేవాడు. తీయలేదు. పేజీలకు నంబర్లు వేసి కమిటీ ముందు పెట్టాను.

కొత్త ఛైర్మన్ ఒకటో పేజీ దగ్గరే ఆగాడు. "ఏమప్పా, ఈయమ్మ వాళ్ల మనిషా?"

"రిపోర్టులు చూడన్నా. పిల్లోళ్లు బాగా చదువుతాండారు."

"చదువు ఎవురైనా చెప్తారులేప్పా. మావోళ్లు ఇన్నేండ్లు జెండా మోసినారు. వాళ్లకు ఏం చెప్పల్ల నేను?"

కమిటీ తీసేసిందన్న సంగతి నేనే నాగరత్నకు చెప్పాను.

"ఆ లెటర్ లేకుంటే అప్పుడు పని లేదంటిరి. ఇప్పుడు అది ఉండాదని తీసేస్తిరి. నేనేం చేయల్ల సార్?"

ఆర్డరు కాపీ అందినట్టు ఆమె చేత సంతకం పెట్టించుకున్నాను.

ఆమె స్థానంలో వచ్చినతను చెడ్డవాడు కాదు. కన్నడం రాదు, అంతే. దీపావళి నాటికి ఏడుగురు పిల్లలే మిగిలారు. మరుసటి ఏడు ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. కారణం కింద 'పిల్లలు లేరు' అని టైపు చేసింది నేనే.

విద్యా విధానమంటే ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నదని చదువుకున్నాను. మా బల్ల దాకా వచ్చేసరికి అది ఎవరి మనిషి అన్న ఒక్క ప్రశ్న. నిబంధన తప్పకుండానే ఒక బడిని మూయించవచ్చని ఆ కేసు నేర్పింది. ఆ కాగితం చింపేసి ఉంటే ఆమెను ఉంచేవారో లేదో తెలియదు. చింపలేదన్నది మాత్రం తెలుసు.