పిడికెడు బియ్యం మీద ఒక పేరు

మా చిన్నప్పుడు ఇంట్లో అన్నం వండాలంటే ముందు ఎవరో ఒకరి పేరు చెప్పాలి...

అమ్మ చేటలో బియ్యం పోసి, రాళ్ళు ఏరి, అందులోంచి ఒక పిడికెడు తీసేది. పిడికిలి గుండెకు ఆనించుకుని కళ్ళు మూసుకునేది. ఎస్తేరక్క కడుపునొప్పి అనో, పక్కింటి పిల్లోడి పరీక్షలు అనో ప్రభువుకు ఒక్క మాట చెప్పేది. అంతే... ఆ బియ్యం మట్టి ముంతలో పడేవి. పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంటే దేవుడితో ఎక్కువసేపు మాట్లాడే తీరిక ఆమెకు యాడుంది పాపం!

ఆదివారం ఆ ముంత చర్చికి వెళ్ళేది. బంగారుపాళ్యం దగ్గర మాది చిన్న రేకుల చర్చి. అన్ని ఇళ్ళలోనూ ఇదే పద్ధతి... పిడికెడు బియ్యం, ఒక పేరు. ముంతలన్నీ ఒకే గోనెసంచిలో ఒంపేవాళ్ళు. ఆ సంచి తర్వాత ఎవరింటికి పోయేదో పిల్లలకు తెలిసేది కాదు. పాస్టరయ్యగారే తినేస్తారని మా అన్న గట్టి నమ్మకం. ఆయన పొట్ట చూస్తే నాకూ నిజమేననిపించేది.

మా నాయన మామిడితోటల్లో కాయలు కోసేవాడు. ఒక ఏడాది కొమ్మ విరిగి కింద పడ్డాడు. ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు తీసుకెళ్ళి కాలికి కట్టు కట్టించారు. నెలలు గడిచినా మంచం దిగలేదు. అమ్మ ఒక్కతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది, కాయల కాలం అయిపోగానే ఆ పనీ ఆగిపోయింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలేది...

అయినా అమ్మ పిడికిలి ఆగలేదు. నాకు ఒళ్ళు మండేది. మేమే గంజి తాగుతుంటే దేవుడికి బియ్యమెందుకు? నాయన కూడా చూసి చూసి ఒకరోజు అనేశాడు.

"మే, నా కాలు బాగయ్యేదాకా అది మానుకోరాదా. దేవుడేమీ అనుకోడులే."

అమ్మ కోప్పడలేదు. "నీ కాలు బాగు చెయ్యమని పొద్దన్నే లేచి ఆయన్నే అడుగుతా ఉండాను. పిడికిలి బిగబట్టుకోని ఎట్ల అడిగేది?" అంది.

ఆ పూట అమ్మ కంచంలో అన్నం లేదు. నేను చూశాను.

ఆ ఆదివారం సాయంత్రం అయ్యగారు, ఇద్దరు సంఘపెద్దలు మా ఇంటికి వచ్చారు. నాయన మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ ఆ గోనెసంచి గుమ్మం పక్కన ఆనించి పోయారు. అయ్యగారి పొట్ట గురించి అనుకున్నవన్నీ నేనూ అన్నా ఆ పూటే వెనక్కి తీసుకున్నాం.

సంచి విప్పితే అన్ని రకాలూ ఉన్నాయి. సన్నబియ్యం, స్టోరు బియ్యం, ఉప్పుడు బియ్యం, నూకలు... అన్నీ కలిపి వండితే ఏమవుతుందో వండేవాళ్ళకు తెలుసు. సగం ముద్దయింది, సగం పలుకుగానే ఉండిపోయింది. నాయన మొదటి ముద్ద నమిలి ముఖం అదోలా పెట్టాడు.

అప్పుడు చెప్పింది అమ్మ. "నువ్వు పడిన కాడినుంచి అన్ని ఇండ్లల్లో నీ పేరే చెప్తా ఉండారంట. ఇది నీ పేరు చెప్పి తీసిన బియ్యం. మెల్లిగా నములు."

నాయన కళ్ళలోంచి నీళ్ళు కంచంలో పడ్డాయి... తుడుచుకోలేదు. అట్లాగే కలుపుకుని, మెతుకు మిగలకుండా తిన్నాడు.

మర్నాడు అమ్మ చేట ముందు కూర్చోగానే, ఇట్లా తెమ్మని చెయ్యి చాపాడు. ఆ రోజు పిడికెడు ఆయనే తీశాడు. ఆయన చెయ్యి పెద్దది... అమ్మ ముంత ఆయన ముందుకు జరిపింది.

ఇప్పుడు నేను తిరుపతిలో ఉంటున్నాను. చర్చి కానుక ఫోన్‌లోనే వెళ్ళిపోతుంది. కుక్కర్‌లో అన్నం పొడిపొడిగా, అంతా ఒకే తీరుగా ఉడుకుతుంది. అందులో ఎవరి పేరూ ఉండదు... తింటుంటే అదే వెలితి.

నాయన లేడు, అమ్మా లేదు. ముంత మాత్రం నా దగ్గరే ఉంది. నిన్న దాన్ని కడిగి ఎండలో ఆరబెట్టాను.

మీ ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే, ఏ దిగులైనా ఉంటే, కింద ఒక పేరు రాయండి... మీరు ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా సరే. రేపు పొద్దున బియ్యం కొలిచేటప్పుడు చెప్తాను.