ఒక్క బిందె నీళ్ళు, ఒక బీరపాదు

నా చిన్నప్పుడు మా బడికి రోజుకు ఒక్క బిందె నీళ్ళు. మార్కాపురానికీ కొనకనమిట్లకూ మధ్య మా ఊరు. ఎండాకాలం వచ్చిందంటే బావిలో బొక్కెన రాళ్ళకు తగిలి చప్పుడు చేసేది. తాగే నీళ్ళు ఎవరివి వాళ్ళమే తెచ్చుకునేవాళ్ళం. బడి బిందె మాత్రం మధ్యాహ్నం ఉప్మా తినేముందు చేతులు కడుక్కోవడానికి. మా చేతులు కూడా మామూలువి కావు. పలకలు తయారయ్యే సీమ పిల్లలం కదా, ఉమ్మేసి అరచేత్తో పలక తుడిచేవాళ్ళం, ఆ చేత్తోనే మట్టిలో గోలీలాడేవాళ్ళం.

బడి వెనక పంతులుగారు చిన్న తోట వేయించారు. అందులో బీరపాదు నాది. గింజ పెట్టింది నేను, పందిరికి కంప మోసింది నేను. తీరా పిందె దిగాక ఆకులు వాడడం మొదలైంది. చూసి ఊరుకోలేకపోయాను. ఒకరోజు గంట కొట్టకముందే బిందె ఎత్తి మొత్తం పాదులో కుమ్మరించాను. ఆ పూట బడి బడంతా చేతులు కడుక్కోకుండానే తిన్నది. మర్నాటికి మా పక్కింటి పిల్లవాడికి వాంతులు, విరేచనాలు. నాలుగు రోజులకు లేచి తిరిగాడు గానీ, పంతులుగారికి సంగతి తెలిసిపోయింది.

"చెట్లు గావాల్నా, పిల్లోళ్ళు గావాల్నా?" అని అడిగారు. రేపు తోటంతా పీకేయమన్నారు.

ఇంటికి పోయి మా జేజికి, అంటే మా నాయన తల్లికి, అంతా చెప్పి ఏడ్చాను. జేజి పలకల గనిలో కూలికి పోయేది. ఆమె తిడితే నాలుగు వీధులకు వినిపించేది. ఆ రోజు తిట్టకుండా పెరట్లోకి పోయి పాత కుండలు తిరగేసింది. అందుకే నాకు ఇంకా భయమేసింది.

మర్నాడు నెత్తిన ఓ పగిలిన పలకబండ, చంకలో ఓ పాత కుండ పెట్టుకుని బడికి వచ్చింది. "సామీ, ఈ ఒక్క దినం గడువియ్యి. అదే బిందెతో చేతులూ కడిగిస్తా, పాదూ తడుపుతా. గాకపోతే నా చేత్తో నేనే పీకేస్తా" అన్నది పంతులుగారితో. గోరంత నీళ్ళతో కొండంత పని చేస్తానంటున్నావే అని ఆయన నవ్వారు.

జేజి కుండ అడుగున మేకుతో సన్నని చిల్లు చేసి, తుమ్మముల్లు దూర్చి, తోట పక్కన పందిరి గుంజకు వేలాడదీసింది. కింద బండను ఏటవాలుగా పరిచి, దాని చివర నుంచి పాదు దాకా వేలెడు కాలువ తీసింది. బిందెడు నీళ్ళూ కుండలో పోసింది. ముల్లు తీసి పెట్టే పని నాకు అప్పగించింది. గంట కొట్టారు.

ముల్లు లాగితే ధార నూలుపోగంత. "ఏందవ్వా, దీంతో చెయ్యి తడుస్తాదా?" అని పెద్ద తరగతి పిల్లలు ఎగతాళి చేశారు. జేజి ఒక్కొక్కరి చేతిలో చిటికెడు బూడిద వేసి, వేళ్ళ సందుల్లో కూడా రుద్దించింది. అంతకుముందు చెంబుతో గుమ్మరించుకునేవాళ్ళం, సగం నేలపాలయ్యేది. ఇప్పుడు చుక్క కూడా అటూఇటూ పోవడం లేదు. వరస సగానికి వచ్చేసరికి ఎగతాళి ఆగిపోయింది. నేను మాత్రం ముల్లు తీస్తూ పెడుతూనే ఉన్నాను. చివరి పిల్ల కడుక్కుంది. ఉప్మా వండే అక్క కడుక్కుంది. పంతులుగారూ కడుక్కుని, కుండలోకి తొంగి చూశారు. ఇంకా నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే నా బీరపాదు మొదలంతా నల్లగా తడిసి ఉంది.

పిల్లలందరం ఒక్కసారే కేక పెట్టాం. పంతులుగారు గంట కొట్టే కర్ర నా చేతిలో పెట్టి, రేపటి నుంచి అన్నం గంట నీదే అన్నారు. జేజి మాత్రం బండ మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ, "నీళ్ళు సుట్టాల్లాంటివే. వచ్చినంక ఒక్క పూటకే సాగనంపితే మళ్ళా రావు" అన్నది.

నేనే అవ్వనయ్యాక, పోయినేడు అదే బడి తోటలో వరసగా సింకులు కట్టి, కుళాయిలు బిగించారు. చూడముచ్చటగా ఉన్నాయి. కానీ మేస్త్రీ చేతులు కడిగిన నీళ్ళు పోయే గొట్టాన్ని వీధి కాలువలోకి తిప్పాడు. నేను పోయి అతని సిమెంటు బస్తా మీద కూర్చున్నాను.

"ప్లానులో అట్లనే ఉండాది, అవ్వా" అన్నాడు.

"ప్లాను మార్చు. నేనైతే లేవను."

ఎండ నడినెత్తికి వచ్చేదాకా లేవలేదు. కొత్త టీచరమ్మ కూడా వచ్చి నా పక్కన నిలబడింది. చివరికి గొట్టం తోటలోకి తిరిగింది. ఇప్పుడు పిల్లలు చేతులు కడుక్కుంటే కరివేపాకు చెట్లకూ బీరపాదులకూ నీళ్ళు పోతున్నాయి. మొన్న వాళ్ళ అన్నంలోకి ఆ బీరకాయల కూరే.

ఎక్కడైనా చేతులు కడిగిన నీళ్ళు వృథాగా పోతుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఈ వయసులో ఎందుకంత కోపం అంటారు ఇంట్లోవాళ్ళు. అది మా జేజి నాకిచ్చిన ఆస్తి. ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే, నేను వదులుకోను.