మునెమ్మత్త మొక్కు, నా నడుము కట్టు

పది మూరల గుడ్డా, గుప్పెడు దూదీ మనిషిని ఎంత దూరం ఈడ్చుకుపోతాయో మీకు తెలియకపోవచ్చు. నన్ను మాత్రం మదనపల్లెలో మా ఇంటి మంచం మీద నుంచి కుప్పంలో గంగమ్మ గుడి వాకిలి దాకా ఈడ్చుకుపోయాయి. అక్కడ నా పరువు పోయిన తీరు చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. బట్టల కొట్లో పరుపు మీద ఏళ్ల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చున్న పుణ్యానికి నడుంలో డిస్కు జారి కాలి నరాన్ని నొక్కేసింది. బెంగుళూరులో సన్నటి గొట్టం దూర్చి ఆపరేషన్ చేశారు. మర్నాడే నడిపించి ఇంటికి పంపారు. గాయం అగ్గిపుల్లంత. దాని మీద వేలెడు ప్లాస్టరు.

గాయం దగ్గర నొప్పి లేదు. నొప్పంతా కాల్లోనే. పిరుదు నుంచి బొటనవేలి దాకా ఉండి ఉండి కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. డాక్టరుకు ఫోన్ చేస్తే, "ఇన్నాళ్లూ నలిగిన నరం కదా, ఇంకా చిరాకు పడుతోంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొంచెం కొంచెంగా నడవండి, వంగొద్దు, బరువెత్తొద్దు. పాదం పట్టు తప్పితే మాత్రం వెంటనే రండి" అన్నాడు. నాకు అర్థమైంది. బంధువులకే అర్థం కాలేదు.

మా వైపు ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి వస్తే గాయం చూడందే కాఫీ ముట్టరు. మొదట పుంగనూరు నుంచి బావమరిది నాగరాజు బత్తాయిలు పట్టుకుని దిగాడు. చొక్కా ఎత్తి చూశాడు.

"యాడ బావా ఆపరేషన్?"

"ఆ ప్లాస్టరు కింద."

"ఇంతేనా? మొన్న గడ్డం గీసేటప్పుడు నాకు తెగింది ఇంతకన్నా పెద్దదే."

"నొప్పి కాల్లో ఉండాది నాగరాజా."

"నడుముకు కోస్తే కాల్లో యాల నొస్తాది? కొట్టుకు పోకుండా ఉండేదానికి నాటకం కాదు గదా."

ఆ మాట నరం కంటే గట్టిగా కుట్టింది. మర్నాడు కుప్పం నుంచి మునెమ్మత్త వస్తోందని కబురు. మా నాన్నకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఆమె కూడా నవ్వితే నేను తట్టుకోలేను. అందుకని దూదీ గుడ్డా తెప్పించి, చంకల కింద నుంచి తుంటి దాకా చుట్టమని నా భార్య రెడ్డెమ్మను బతిమాలాను.

"నీకు నొప్పి ఉండాదని నేను నమ్ముతాండాను గదా, అది చాలదా?" అంటూనే చుట్టింది.

చాలదన్నాను. నా తెలివి అలాంటిది.

అత్త వచ్చింది. ఎదురెళ్దామని మంచం దిగబోయాను, కాలు జివ్వుమంది. అత్త కట్టు కేసి చూసి గడపలోనే కూలబడింది.

"నా బిడ్డను నిలువునా కోసేసినారు గదమ్మా" అని కళ్లొత్తుకుంది. తర్వాత లేచి, కుప్పం దిక్కుకు తిరిగి దండం పెట్టింది. "అమ్మా గంగమ్మా, నా శీనుకు కాలునొప్పి తగ్గితే తడిబట్టల్తో నీ గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టిస్తా తల్లీ."

రెడ్డెమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. నవ్వుకోవడానికని తర్వాత తెలిసింది.

"అత్తా, డాక్టరు వంగొద్దన్నాడు" అన్నాను.

"వంగేది యాడుండాది నాయనా, పొర్లేదే గదా."

కొన్ని వారాలకు నరం కోపం నిజంగానే చల్లారింది. అత్త ఫోన్ చేసి మొక్కు తీర్చడానికి కుప్పం రమ్మంది. పొర్లితే నడుము పోతుంది, పొర్లకపోతే మొక్కు పోతుంది, నిజం చెబితే పరువు పోతుంది. గుడి వాకిట్లో తడిబట్టలతో వణుకుతూ నిలబడి, మూడింట్లో చవకైనది చూసుకుని పరువునే వదులుకున్నాను. వీపు తిప్పి అగ్గిపుల్లంత మచ్చ చూపించాను.

"కట్టు అబద్ధం అత్తా. నొప్పి మాత్రం నిజం."

అత్త ఆ మచ్చను వేలితో తడిమింది.

"నొప్పి నిజమని నాకు తెల్దా. ఆ పొద్దు మంచం దిగతా ఉంటే నీ మొగం సూసినా. మొగం సూసి మొక్కుకున్నా గానీ, కట్టు సూసి కాదురా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నేను కళ్లు తుడుచుకునేలోగా అత్త కొంగు బిగించి, నీ బదులు నేనే తీరుస్తానని నేల మీద పడుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి. నేనూ, వెంట వచ్చిన రెడ్డెమ్మా ఎంత పట్టుకున్నా ఆగలేదు. పొర్లుతూ పొర్లుతూ ఒక చుట్టు పూర్తి చేసింది, లేవబోయింది, నడుము పట్టేసింది.

గుడి దగ్గరున్నవాళ్ల సాయంతో మోసుకెళ్లి ఇంట్లో మంచమెక్కించాం. బరువెత్తొద్దన్న డాక్టరు మాట గుర్తుంది కాబట్టి నేను చెప్పులు మోశాను. ఇంతలో వీధి ఆడవాళ్లంతా చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. అత్త నా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది.

"శీనా, వాళ్లకు సూపించేదానికి నాకు దెబ్బ గూడా లేదు గదరా. ఆ కట్టుగుడ్డ తెచ్చినావా?"

ఆ రోజే గంగమ్మ సాక్షిగా గట్టి ఒట్టు పెట్టుకున్నాను. లేని గాయానికి ఈ జన్మలో ఇక కట్టు కట్టను. అత్తకు దూది తెచ్చింది నేనే అయినా, చుట్టింది రెడ్డెమ్మ కాబట్టి అది ఈ ఒట్టు కిందికి రాదు.